ఎక్కేకొద్దీ లోతుకు: సైప్రస్ ట్రూడోస్ కొండల్లో ఆరు రోజుల సైకిల్ దారి

సముద్రం ఒడ్డున బయలుదేరి కొండెక్కుతుంటే భూగర్భానికి దూరమవుతున్నామనే ఎవరైనా అనుకుంటారు. సైప్రస్‌లోని ట్రూడోస్ కొండల్లో జరిగేది దానికి తలకిందులు. ఈ కొండలు సుమారు 9 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు అడుగు. అది మొత్తంగా పైకి లేచి గుమ్మటంలా ఉబ్బింది. నడినెత్తిన పొరలు వానకీ గాలికీ అరిగిపోయాయి. అందుకే అంచుల్లో సున్నపు మట్టి, బంకమన్ను, లావా ఉంటే, లోపలికి వెళ్లేకొద్దీ డయాబేస్, ఆ తర్వాత గాబ్రో అనే, కరిగి గడ్డకట్టిన రాళ్లు వస్తాయి. 1,952 మీటర్ల ఒలింపస్ శిఖరం దగ్గరైతే భూమి పెంకు కింద ఉండాల్సిన రాయే ఎండలో కనబడుతుంది. ఈ కొండలకు 2015లో యునెస్కో గ్లోబల్ జియోపార్క్ గుర్తింపు వచ్చింది కూడా ఆ రాళ్ల వల్లే.

సైకిల్ తొక్కేవాడికి భూగర్భశాస్త్రం ఎందుకంటే, ఇక్కడ టైరులో గాలి ఎంత ఉండాలో, ఏ మలుపులో జారతామో, వాన పడితే ముందుకెళ్లాలో ఆగాలో తేల్చేది కింద ఉన్న రాయే. ఎత్తుల పటం ఒక్కటే చూసుకుని వచ్చినవాళ్లకు రెండో రోజుకే టైరు పక్కగోడ చిరుగుతుంది.

దారి పాఫోస్‌లో మొదలై పాఫోస్‌లోనే ముగుస్తుంది. అటవీ రోడ్డుకూ తారు రోడ్డుకూ మధ్య మీరు ఏది ఎంచుకుంటారన్నదాన్ని బట్టి మొత్తం 230 నుంచి 260 కి.మీ. మార్చి నెలాఖరు నుంచి మే దాకా, మళ్లీ అక్టోబరు, నవంబరు నెలలు అనువైన కాలం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు కింది లోయల్లో ఎండ మన రెంటచింతలను గుర్తుచేస్తుంది, పైగా అడవికి నిప్పంటుకునే కాలం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పైన మంచు ఉంటుంది. అక్కడ స్కీయింగ్ కూడా నడుస్తుంది.

బయలుదేరే ముందు

120 నుంచి 130 మి.మీ. సస్పెన్షన్ ఉన్న ట్రైల్ సైకిల్ సరిపోతుంది. వెనక సస్పెన్షన్ లేని హార్డ్‌టెయిల్‌తోనూ హాయిగా చేయొచ్చు. డౌన్‌హిల్ బండి మాత్రం అనవసరపు బరువు, ఎందుకంటే ఈ దారిలో ఎక్కువ భాగం అటవీ రోడ్లే. ముందు 30 పళ్ల చక్రం, వెనక 10 నుంచి 51 పళ్ల దాకా ఉన్న గేరు చక్రాల గుత్తి (క్యాసెట్) ఉండాలి. ఆ చిన్న గేరులో 29 అంగుళాల చక్రం ఒక్క తొక్కుకు దాదాపు 1.35 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 తొక్కులు తొక్కితే గంటకు 5 కి.మీ. లోపు వేగం. 12 శాతం వాలును బరువు సంచితో ఎక్కాలంటే అంతకన్నా పెద్ద గేరు పనికిరాదు.

టైరు 2.35 వెడల్పు, ట్యూబ్‌లెస్, పక్కగోడ గట్టిది. రేసు టైరు పలచగా ఉండి 150 గ్రాములు మిగిలిస్తుంది, డయాబేస్ రాయి ఆ మిగులును వడ్డీతో సహా వసూలు చేస్తుంది. ఒక్కో టైరులో 100 నుంచి 120 మి.లీ. సీలెంట్ (రంధ్రాలను లోపలి నుంచి మూసే ద్రవం) తాజాగా పోయాలి. పొడి గాలిలో అది రెండు నెలలకే ఎండి తొక్కలు కడుతుంది, కాబట్టి ఇంటి దగ్గర ఎప్పుడో పోసినదాన్ని నమ్ముకోకూడదు. 70 కిలోల మనిషికి టైరు గాలి ఒత్తిడి మొదటి లెక్క ముందు 22, వెనక 25 పీఎస్‌ఐ. రోజును బట్టి ఇది మారుతుంది.

సంచిలో డిరైలర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే పరికరాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) ఒకటి అదనంగా ఉండాలి. మీ ఫ్రేముకే సరిపోయేది, ఎందుకంటే ఇది ఊళ్లో దొరికే వస్తువు కాదు. చెయిన్ తెగితే కలపడానికి రెండు క్విక్ లింకులు, ఒక జత బ్రేక్ ప్యాడ్లు, ఒక ట్యూబు, టైరు ప్లగ్గులు, చెయిన్ టూల్, అర చెయ్యంత పాత టైరు ముక్క, మందపాటి సూది, పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం. ఈ చివరి రెండూ ఎందుకో రెండో రోజు తెలుస్తుంది. పంపు చేతిదే తేవాలి. టైరు నింపే గ్యాస్ గుళికల మీద విమాన సంస్థలకు ఒక్కోదానికి ఒక్కో నియమం. ఈ-సైకిల్ తెద్దామనుకుంటే 160 వాట్-అవర్లు దాటిన బ్యాటరీని ప్రయాణికుల విమానంలో ఎక్కించుకోరు. అక్కడే అద్దెకు తీసుకోవడం తప్ప దారి లేదు.

సైప్రస్‌లో వాహనాలు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి. యూరప్‌లో తొక్కబోయే తెలుగువాళ్లకు ఇది పెద్ద ఊరట. కానీ అద్దె సైకిల్‌కు ముందు బ్రేకు కుడి చేతికే ఉంటుందన్న హామీ లేదు. దుకాణం ముందే రెండు లివర్లూ నొక్కి చూసుకోవాలి. ప్లగ్ సాకెట్లు ఇంగ్లండు తరహావి, మూడూ చదునైన పిన్నులు. మన గుండ్రటి పిన్నులు దూరవు.

మొదటి రోజు: పాఫోస్ – పోలెమి – పనయియా

40 కి.మీ.కు అటూఇటూగా, ఎక్కుడు 1,100 మీటర్ల పైనే. పాఫోస్ నుంచి పోలిస్ అనే ఊరికి వెళ్లే పెద్ద రోడ్డులో మొదటి పదిహేను కిలోమీటర్లు ట్రాఫిక్ ఉంటుంది, చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. పొద్దున ఏడు లోపు దాటేస్తే మంచిది. పోలెమి వైపు తిరిగాక రోడ్డు ఊపిరి పీల్చుకుంటుంది. ద్రాక్షతోటలు, బాదం చెట్లు, మధ్యమధ్య నల్లటి కాయలు వేలాడే క్యారబ్ చెట్లు.

ఇక్కడి నేల తెల్లటి సున్నపు మట్టి. పొడిగా ఉన్నప్పుడు టైరు గట్టిగా పట్టుకుంటుంది, చిరాకు పెట్టేది దుమ్మొక్కటే. వాన పడిందా, సబ్బు రాసిన బండ. పొలాల మధ్య మట్టి దారులను వాన వెలిశాక కనీసం ఒక పూట వదిలేయాలి.

కన్నావియూ ఊరు దగ్గర అంతకన్నా మొండి మన్ను ఎదురవుతుంది. అగ్నిపర్వతపు బూడిద నుంచి పుట్టిన బెంటోనైట్ బంకమట్టి అది. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పొరకు ఈ ఊరి పేరే పెట్టారు. నల్లరేగడిలో సైకిల్ తొక్కినవాళ్లకు దీని స్వభావం కొత్తగా చెప్పక్కర్లేదు, రెండిట్లోనూ నీళ్లు తాగి ఉబ్బే జాతి ఖనిజమే ఉంది. ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే చక్రానికి పొరలు పొరలుగా చుట్టుకుంటుంది. ఇరవై ముప్పై అడుగులు పోయేసరికి టైరుకూ ఫ్రేముకూ మధ్య సందు మూసుకుపోయి చక్రం తిరగడం మానేస్తుంది. అప్పుడు బలవంతంగా తొక్కితే ముందు విరిగేది డిరైలర్ హ్యాంగర్. దిగి, సైకిల్‌ను భుజానికెత్తుకుని గడ్డి ఉన్న చోటుకు నడవడం ఒక్కటే మార్గం. తడి రోజున తారు రోడ్డు వదలకండి.

కన్నావియూ నుంచి అస్ప్రోయా మీదుగా పనయియా దాకా ఎక్కుడు ఆగదు. సైప్రస్ తొలి అధ్యక్షుడు, ఆర్చిబిషప్ మకారియోస్ 1913లో పుట్టిన ఊరు ఇది. ఊరికి దక్షిణాన కాస్త దూరంలో 1152లో మొదలైన క్రిసోరోయాటిస్సా మఠం ఉంది. రేపు, ఎల్లుండి ఉదయం దాకా దుకాణం ఉండదు కాబట్టి రొట్టె, హలూమి జున్ను, ఎండు పళ్లు ఇక్కడే కొనాలి. సుజుకోస్ దొరికితే తప్పకుండా తీసుకోవాలి. దారానికి గుచ్చిన బాదం పప్పులను చిక్కటి ద్రాక్షరసంలో ముంచి ముంచి ఆరబెట్టిన తీపి అది. లోపల పప్పు పెట్టిన మామిడి తాండ్ర అనుకోండి. జేబులో కరగదు, నలగదు, ఎక్కుడులో నమిలితే వెంటనే సత్తువ. ఫ్యాక్టరీ ఎనర్జీ బార్లు దీనిముందు దండగ.

రెండో రోజు: పనయియా – స్తవ్రోస్ తిస్ ప్సోకాస్

పటంలో చూస్తే దగ్గర. తొక్కితే 30 కి.మీ. దాకా, ఒక పూటంతా పడుతుంది. పాఫోస్ అడవి రోడ్లు కొండ పక్కను పట్టుకుని ఎత్తు పెద్దగా మారకుండా పోతాయి. ప్రతి వాగు దగ్గరా లోపలికి తిరుగుతాయి, ప్రతి కొండముక్కు దగ్గరా బయటికి తిరుగుతాయి. దూరం ఎలా పెరుగుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. ఈ రెండు రకాల మలుపుల్లో ప్రమాదం కూడా రెండు రకాలు. వాగు మలుపులో నీడ, తడి, వరద తెచ్చి పోసిన వదులు రాళ్లు ఉంటాయి. ముక్కు మలుపులో నేల గట్టిదే కానీ ఎదురుగా వచ్చే పికప్ ట్రక్కు కనబడదు. అక్కడ ఎడమ అంచు విడవకూడదు, రోడ్డంతా మనదే అనిపించినా సరే.

బ్రూటియా పైన్ చెట్ల కింద ఇక నుంచి నేల డయాబేస్. సముద్రపు అడుగు చీలినప్పుడల్లా కింది నుంచి కరిగిన రాయి వచ్చి ఆ చీలికలో గోడలా గడ్డకట్టింది. అలాంటి నిలువు గోడలు వేల సంఖ్యలో పక్కపక్కనే నిలబడ్డాయి. రోడ్డు కోసం కొండను కోసిన చోట పుస్తకాల అరలా కనబడుతుంది. ఈ రాయి గుండ్రంగా అరగదు. ఇటుక ముక్కల్లా, గొడ్డలి అంచుల్లా పదునుగా పగులుతుంది. గట్టి నేల మీద ఆ ముక్కలు వదులుగా పరుచుకుంటే చక్రం కింద గోళీలు పోసినట్టే.

ఇక్కడ వెనక టైరుకు రెండు పీఎస్‌ఐ పెంచి 27 చేయాలి. పట్టు కొంచెం తగ్గుతుంది, కానీ టైరు రిముకూ రాయికీ మధ్య నలిగి చిరగడం బాగా తగ్గుతుంది. ముందు టైరును 22 దగ్గరే ఉంచాలి, మలుపులో దారి పట్టించేది అదే. బ్రేకు మలుపుకు ముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే పూర్తిచేయాలి. మలుపులోకి వంగాక ముందు బ్రేకు పట్టుకుంటే చక్రం గోళీల మీద నుంచి జారుతుంది, దాన్ని సరిదిద్దుకునే వ్యవధి ఉండదు.

పక్కగోడ చిరిగితే ఏం చేయాలి? చిరుగు 5 మి.మీ. లోపైతే ప్లగ్ దూర్చి, చిరుగు కిందికి వచ్చేలా చక్రాన్ని ఒక నిమిషం ఆపితే సీలెంట్ చేరి మూసుకుంటుంది. అంతకన్నా పెద్దదైతే ప్లగ్ నిలవదు. టైరు ఒక పక్క విప్పాలి. సీలెంట్ తుడవాలి. సూదిలో పళ్ల దారం రెండు పేటలు ఎక్కించి, చిరుగుకు అటూఇటూ 4 మి.మీ. వదిలి అడ్డంగా కుట్టాలి. అంచుకు మరీ దగ్గర కుడితే దారం గుడ్డను కోసుకుని బయటికొస్తుంది. లోపలి నుంచి పాత టైరు ముక్క పెట్టి, ట్యూబ్‌లెస్ వాల్వు తీసేసి ట్యూబు ఎక్కించాలి. ట్యూబు పెట్టేముందు టైరు లోపలంతా వేలితో తడిమి, ఇరుక్కున్న ముళ్లు తీయాలి. సీలెంట్ ఇన్నాళ్లూ దాచిన ముళ్లన్నీ కొత్త ట్యూబును పొడవడానికి సిద్ధంగా ఉంటాయి. తొందరలో ఎక్కువమంది మరిచేది ఇదే. అలా కుట్టిన టైరు 25 పీఎస్‌ఐ దాటకుండా మిగతా యాత్రంతా నడుస్తుంది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పైన్ చెట్ల నుంచి గొంగళిపురుగులు దిగి, ఒకదాని తోక పట్టుకుని ఒకటి బారుగా రోడ్డు దాటుతుంటాయి. చూడముచ్చటగా ఉన్నా ముట్టుకోకూడదు. వాటి నూగు చర్మానికి తగిలితే దద్దుర్లు, కంట్లో పడితే ఆసుపత్రే. ఎండ రాళ్ల దగ్గర కూర్చునే ముందు ఒకసారి చూసుకోవాలి, లెవంట్ రక్తపింజరి ఈ దీవిలో ఉంది.

స్తవ్రోస్ తిస్ ప్సోకాస్ ఊరు కాదు, లోయలో అటవీ శాఖ స్థావరం. నీటి ఊట, గుడారాలు వేసుకునే స్థలం, ముఫ్లాన్ అనే అడవి గొర్రెలను ఉంచిన ఆవరణ ఉన్నాయి. బస సంగతి అటవీ శాఖకు ముందే ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి. చీకటి పడ్డాక అక్కడికి చేరి గది అడిగితే పక్క ఊరు అనేది లేదు. అడవిలో పొయ్యి, అగ్గిపుల్ల మాట ఎత్తకూడదు. వంటకు కేటాయించిన చోట తప్ప నిప్పు నేరం. ఎక్కడైనా పొగ కనబడితే 1407కు, ఇతర ఆపదకు 112కు ఫోన్ చేయాలి. లోయల్లో సిగ్నల్ ఉండదు, కొండముక్కు మలుపుల దగ్గర తరచు దొరుకుతుంది.

మూడో రోజు: దేవదారు లోయ, కిక్కోస్, పెదులాస్

యాత్ర మొత్తంలో కష్టమైన రోజు. 50 కి.మీ. పైన, ఎక్కుడు 1,300 మీటర్ల దాకా. ఆరున్నరకే బయలుదేరాలి. మూడు లీటర్ల నీళ్లు నింపుకోవాలి. కిక్కోస్ మఠం దాకా మళ్లీ నమ్మకమైన కుళాయి లేదు, వాగులు మే నెలకే సన్నబడతాయి.

పొద్దున్నే ఎక్కుడు. నీడలో చల్లగా ఉందని వేగం పెంచినవాళ్లు మధ్యాహ్నం కిక్కోస్ దారిలో చెల్లిస్తారు. దోదెకా అనేమి, అంటే 'పన్నెండు గాలులు' అనే కూడలి దాటితే, 1,350 మీటర్లు దాటిన త్రిపిలోస్ కొండ పక్కగా దారి దేవదారు లోయకు దిగుతుంది. ఇక్కడి దేవదారు, సెడ్రస్ బ్రెవిఫోలియా, ప్రపంచంలో సహజంగా ఈ పాఫోస్ అడవిలో మాత్రమే పెరుగుతుంది. లెబనాన్ దేవదారుకు దగ్గరి చుట్టం, ఆకులు దానికన్నా పొట్టి. కొమ్మలు అంతస్తులుగా, గొడుగులు ఒకదానిపై ఒకటి పెట్టినట్టు పరుచుకుంటాయి.

లోయలోకి దిగేటప్పుడు బ్రేకుల లెక్క ఒకసారి చూద్దాం. మనిషి, సైకిల్, సంచి కలిపి 90 కిలోలు 600 మీటర్లు దిగితే పోగొట్టుకోవాల్సిన శక్తి 530 కిలోజౌళ్లు. లీటరున్నర నీళ్లను మరిగించేంత వేడి. నిదానంగా దిగితే గాలి అందులో కొంచెమే తీసుకుంటుంది. మిగతాదంతా అరచేతి పాటి రెండు ఇనుప పళ్లేల మీద పడుతుంది. లివరును సగం నొక్కి కిందిదాకా అలాగే వదలని అలవాటే ప్యాడ్లను కాల్చేది. ప్యాడు పైన గాజులాంటి పొర ఏర్పడి, అరుపు మొదలై, పట్టు పోతుంది. పద్ధతి ఇది: కాసేపు వదిలేయాలి, వేగం పెరగ్గానే రెండు చేతులతో గట్టిగా నొక్కి తగ్గించాలి, మళ్లీ వదలాలి. ఆ మధ్యలో డిస్కు చల్లారుతుంది. డిస్కు ముందు, వెనక 180 మి.మీ. ఉండాలి, ప్యాడ్లు లోహపు రకం అయితే మేలు. రెజిన్ రకం మెత్తగా, నిశ్శబ్దంగా పనిచేస్తుంది గానీ ఈ దుమ్ములో మూడు నాలుగు రోజులకే అరుగుతుంది. గాజుపొర పట్టిన ప్యాడును విప్పి, గరుకు రాయి మీద ఎనిమిది అంకె ఆకారంలో రుద్దితే ఆ పూటకు గట్టెక్కుతాం.

కిక్కోస్ మఠం 11వ శతాబ్దం చివర బైజాంటియన్ చక్రవర్తి మొదటి అలెక్సియోస్ కాలంలో మొదలైంది. మకారియోస్ సమాధి పక్కనున్న త్రోని కొండ మీద ఉంది. మఠం లోపలికి పొట్టి నిక్కర్లతో రానివ్వరు. పలచటి పంచె ఒకటి సంచిలో ఉంటే నడుముకు చుట్టుకుని వెళ్లొచ్చు, రాత్రి దుప్పటిగానూ పనికొస్తుంది. అక్కడి నుంచి పెదులాస్ దాకా తారు రోడ్డు, మెలికలు ఎక్కువ. అలిసిన కాళ్లకు ఈ ఆఖరి 20 కి.మీ. అందంగా కనబడవు.

పెదులాస్‌లో 1474 నాటి ప్రధాన దేవదూత మిఖాయిల్ చర్చి ఉంది. నిటారుగా వాలిన పెంకు కప్పు, లోపల గోడలన్నీ చిత్రాలే. యునెస్కో జాబితాలో ఉన్న ట్రూడోస్ పది చిత్రిత చర్చిల్లో ఇదొకటి.

తిండి సంగతి ఇక్కడ చెప్పాలి. ఏప్రిల్‌లో వస్తే ఈస్టరు ముందు ఉపవాస కాలం తగిలే అవకాశం ఎక్కువ. అప్పుడు హోటళ్లలో 'నిస్తీసిమా' అని అడిగితే మాంసం, పాలు, గుడ్లు లేని వంటలు వస్తాయి. శాకాహారులకు ఏడాది మొత్తంలో ఇదే మంచి కాలం. లూవీ అంటే మన బొబ్బర్లే, ఉడకబెట్టి ఆకుకూర, ఆలివ్ నూనె, నిమ్మరసం కలుపుతారు. కొలొకాసీ అని రాసి ఉంటే అది చేమదుంప. ఆశపడి చెప్పేముందు అందులో పంది మాంసం వేశారా అని అడగాలి, మామూలు రోజుల్లో వేస్తారు.

నాలుగో రోజు: ప్రోద్రోమోస్, ట్రూడోస్, ప్లాత్రెస్

దూరం తక్కువ, 30 కి.మీ. లోపే. మొదట పెదులాస్ నుంచి 1,380 మీటర్ల ప్రోద్రోమోస్ దాకా నిట్టనిలువు తారు రోడ్డు, తర్వాత ట్రూడోస్ కూడలికి ఎక్కుడు. కూడలి ఎత్తు 1,700 మీటర్ల పైన. కింద పాఫోస్‌లో చొక్కా తడిసే ఎండ ఉన్న రోజున కూడా ఇక్కడ చలి కోటు కావాలి.

చెట్టు మారిందని మొదట తెలుస్తుంది. బ్రూటియా పైన్ పోయి నల్ల పైన్ వస్తుంది, దాని నెత్తి గాలికి చదునుగా అరిగి ఉంటుంది. తర్వాత రాయి మారిందని టైరు చెబుతుంది. భూమి పెంకు కింది నుంచి వచ్చిన హార్జ్‌బర్గైట్, డ్యూనైట్, వాటిలోకి నీరు చేరి మారిన సర్పెంటినైట్. పామొంటి రంగు, పాము నున్నదనం. పొడిగా ఉంటే కాళ్లు కదలనంత పట్టు, పొద్దుటి మంచు పడితే జారుడుబల్ల. ఇక్కడ ముందు టైరు 20, వెనక 23 దాకా దించొచ్చు, నిన్నటి కత్తుల్లాంటి రాళ్లు ఇక్కడ లేవు. పైన్ ఆకుల దుప్పటి కింద మాత్రం వేర్లు దాక్కుంటాయి. వేరును అడ్డంగా, చక్రం నిటారుగా దాటాలి, ఏటవాలుగా తగిలితే ముందు చక్రం వేరు వెంట కొట్టుకుపోతుంది.

ఒలింపస్ శిఖరం చుట్టూ తిరిగే ఆర్తెమిస్ బాట 7 కి.మీ. దాని కింద అటలాంతి బాట ఉంది, అది పాత క్రోమైట్ (క్రోమియం ఖనిజం) గని పక్కగా పోతుంది. ఇవి నడిచేవాళ్ల కోసం వేసినవి. సైకిల్‌కు ఏ బాటలో అనుమతి ఉందో మొదట్లో ఉన్న బోర్డు చూసి, అనుమానముంటే కూడలి దగ్గరి సందర్శకుల కేంద్రంలో అడిగి వెళ్లాలి. సమాంతరంగా అటవీ రోడ్లు ఎలాగూ ఉన్నాయి. వారాంతాల్లో నడిచేవాళ్ల మధ్య దూరి గంట కొట్టుకుంటూ పోవడంలో సుఖం లేదు. శిఖరం కొసకు చేరలేం. అక్కడ రాడార్ గోళం, దాని చుట్టూ సైనిక కంచె ఉన్నాయి. కంచె వైపు ఫొటోలు తీయకపోవడం మంచిది.

తూర్పున కొండను మెట్లు మెట్లుగా కోసిన పెద్ద బూడిద రంగు గాయం కనబడుతుంది. అది అమియాంతోస్ రాతినార (ఆస్బెస్టాస్) గని. 1904 నుంచి 1988 దాకా నడిచింది, ఇప్పుడు మట్టి కప్పి చెట్లు నాటుతున్నారు. కంచె లోపల దారులు తొక్కడానికి బాగున్నట్టు కనిపించినా పోకూడదు. దుమ్ము రేపడం అక్కడ చేయగూడని మొదటి పని. జియోపార్క్ కేంద్రం అక్కడి పాత బడి భవనంలో ఉంది, నాలుగు రోజులుగా టైరు కింద చూసిన రాళ్లన్నీ అక్కడ వరసగా పేర్లతో ఉంటాయి.

సాయంత్రం ప్లాత్రెస్‌కు దిగాలి. హోటళ్లు, మందుల దుకాణం, సామాన్లు అన్నీ దొరికే ఊరు. చెయిన్‌కు పొడి గుడ్డతో దుమ్ము తుడిచి, మైనపు రకం నూనె ఇప్పుడే, రాత్రే రాయాలి. పొద్దున రాసి బయలుదేరితే అందులోని ద్రవం ఆరక ముందే దుమ్ము అతుక్కుని గ్రైండింగ్ పేస్టు తయారవుతుంది.

ఐదో రోజు: ఫినీ, కెలెఫోస్ వంతెన, ఆయియోస్ నికొలావోస్

30 కి.మీ.కు అటూఇటూ, వంతెన దాకా దాదాపుగా దిగుడే. మొదట గాబ్రో. ఇది పెద్ద పలుకుల రాయి, పైపొర చివికి మొరంలా రాలుతుంది. తెలంగాణ గుట్టల్లో తొక్కినవాళ్లకు కాలికి తెలిసిన నేలే. బ్రేకు మెల్లగా పడితే ఆగుతుంది, గట్టిగా పట్టుకుంటే వెనక చక్రం పక్కకు నడుస్తుంది. ఫినీ ఊళ్లో ఒకప్పుడు మనిషి ఎత్తు కాగులు చేసేవారు. దాని తర్వాత మళ్లీ డయాబేస్, కాబట్టి టైరుకు గాలి మళ్లీ పెంచాలి. రాయి మారినట్టు గుర్తుపట్టడం తేలిక: రోడ్డు పక్క కోతలో పుస్తకాల అరలు తిరిగి కనబడతాయి.

కెలెఫోస్ వంతెన దియారిజోస్ నది మీద ఒకే కమానుతో నిలబడి ఉంది. వెనీషియన్ వంతెన అంటారు. కొండల్లోంచి పాఫోస్‌కు ఒంటెల మీద సరుకు వెళ్లిన దారి ఇదని చెబుతారు. వంతెన మీద పిట్టగోడలు లేవు, నడుము నున్నగా అరిగింది. దిగి నడిపించుకుంటూ దాటాలి. ఎగువన ఎలియా అనే చిన్న వంతెన ఉంది, అడవి దారిలో వెళ్లి రావొచ్చు. వాన పడ్డ వారంలో మాత్రం వాగు దాటే చోట్ల నీళ్లు ఇరుసు దాకా వస్తాయి. ఇరుసు మునిగితే ఆ రాత్రి హబ్బు తిప్పి చూసుకోవాలి, గరగర వినిపిస్తే బేరింగులోకి నీరు పోయినట్టే.

నవంబరు, డిసెంబరుల్లో వచ్చినవాళ్లకు ఒక హెచ్చరిక. బుధవారం, ఆదివారం సాధారణంగా వేట రోజులు. కుందేళ్లు, కౌజుల కోసం తుపాకులతో పొదల్లో తిరుగుతుంటారు. ఆ రోజుల్లో నారింజ రంగు చొక్కా వేసుకోవాలి, లేదా తారు రోడ్డు పట్టాలి.

ఆరో రోజు: దియారిజోస్ లోయ మీదుగా సముద్రానికి

ప్రైతోరి, కెదారెస్, కిదాసి, మమోనియా, నికోక్లియా, కూక్లియా, అక్కడి నుంచి పాఫోస్. మొత్తం 55 కి.మీ. దాకా. నది వెంట రోడ్డు దిగుతూనే ఉంటుంది. ఎనిమిది లోపు బయలుదేరితే కూక్లియా దాకా గాలి ఉండదు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి పడమటి నుంచి లేస్తుంది, కూక్లియా నుంచి పాఫోస్ దాకా ఉన్న చివరి 16 కి.మీ. దానికి ఎదురే.

మమోనియా దగ్గర రాళ్లు తికమకగా ఉంటాయి. ఎర్రవి, బూడిదవి, మడతలు పడినవి. ఇది ట్రూడోస్‌ది కాదు, పక్క నుంచి వచ్చి ఒరుసుకున్న వేరే నేల. దానికి కూడా ఈ ఊరి పేరే. మొదటి రోజు చెప్పిన బంకమన్నుకు ఇక్కడ బంధువులున్నారు. వాన తర్వాత పొలం దారుల జోలికి వెళ్లకుండా రోడ్డు మీదే ఉండాలి. పొడి రోజుల్లో అవే దారులు లోయ మొత్తంలో బాగుంటాయి, గాలి ముందు 22, వెనక 25. ముళ్ల తుప్పలు రోడ్డు అంచుదాకా వస్తాయి, సీలెంట్ సత్తా తెలిసేది ఇక్కడే.

కూక్లియాలో అఫ్రొదితి దేవత పాత ఆలయం శిథిలాలు ఉన్నాయి. అక్కడ ఆమెను విగ్రహంగా కాక ఒక నల్లటి శంఖాకార శిలగా కొలిచేవారు. ఆ రాయి మ్యూజియంలో ఉంది. లింగాన్ని చూసి పెరిగిన కళ్లకు అది వింతగా తోచదు.

పాఫోస్‌లో సైకిల్ కడిగేటప్పుడు ఒత్తిడి గొట్టంతో బేరింగుల మీద కొట్టకూడదు. బంకమన్ను ఉంటే అసలు తడపకుండా ఎండనిచ్చి, ప్లాస్టిక్ టైరు లివరుతో తడితే పెచ్చులుగా రాలుతుంది. మిగిలింది తడి గుడ్డతో పోతుంది. పెట్టెలో పెట్టేముందు డిస్కులు విప్పి (ఎక్కువ వాటికి టీ25 కొన పడుతుంది) రెండు అట్టల మధ్య వేరుగా సర్దాలి. బ్రేకు ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క దూర్చాలి. లేకపోతే దారిలో ఎవరో లివరు నొక్కితే పిస్టన్లు బయటికొచ్చి, ఇంటికెళ్లాక డిస్కు దూరదు. డిరైలర్‌ను హ్యాంగర్ నుంచి విప్పి చెయిన్‌తో సహా ఫ్రేము లోపలికి కట్టేయాలి. టైర్లలో గాలి సగానికి దించాలి గానీ పూర్తిగా తీయకూడదు. తీస్తే ట్యూబ్‌లెస్ అంచు రిమును వదిలేసి, సీలెంట్ అంతా పెట్టెలో బట్టల మీదికి కారుతుంది.